పెద్దపేగు క్యాన్సర్‌కు కడుపులో పురుగులే కారణమా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా మోషన్ పరీక్షలు చూడటం నా పని. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కౌంటర్ దగ్గర ఆగి, కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలివి. డాక్టరుగారి దగ్గర అడగడానికి మొహమాటపడి ఇక్కడ అడుగుతారు. అందుకే ఒక చోట రాసిపెడుతున్నాను.

కడుపులో పురుగులుంటే పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా?

మన దగ్గర మామూలుగా కనిపించే పురుగుల వల్ల వస్తుందని ఎక్కడా రుజువు కాలేదు. ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు, బద్దెపురుగులు, పిల్లలకు రాత్రిళ్ళు దురద పెట్టే నులిపురుగులు, అన్నిటికీ ఇదే జవాబు. రిపోర్టులో పురుగు గుడ్లు కనిపించాయని రాస్తే మందు వాడండి, పోతాయి. క్యాన్సర్ భయం పెట్టుకోవద్దు.

నన్ను బాధపెట్టేది దీనికి సరిగ్గా వెనకవైపు ఉన్న సంగతి. క్యాన్సర్ లక్షణాలను పురుగుల ఖాతాలో వేసి నెలలు గడిపేయడం. కిందికి వెళ్ళేకొద్దీ ఎక్కువగా దాని గురించే రాశాను.

మరి పరాన్నజీవుల వల్ల క్యాన్సర్ వస్తుందని చదివాం. అది అబద్ధమా?

అబద్ధం కాదు. అయితే ఏ పరాన్నజీవి, ఏ అవయవం, ఏ దేశం అన్నది చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మూడు పరాన్నజీవులను క్యాన్సర్ కారకాలుగా మొదటి గ్రూపులో పెట్టింది. అందులో రెండు లివర్ ఫ్లూక్‌లు, అంటే లివర్‌లో చేరే చదును పురుగులు: ఒపిస్తోర్కిస్ వివెరిని, క్లోనోర్కిస్ సైనెన్సిస్. నదుల్లో పట్టిన చేపల్ని పచ్చిగా తినే అలవాటున్న థాయిలాండ్, లావోస్, చైనా, కొరియా ప్రాంతాల్లో ఇవి ఉంటాయి. పిత్తనాళాల్లో క్యాన్సర్ తెస్తాయి. మూడోది షిస్టోసోమా హెమటోబియం. ఆఫ్రికాలో, ముఖ్యంగా ఈజిప్టులో, మూత్రాశయ క్యాన్సర్‌కు ఇది పేరుపడింది.

పెద్దపేగు సంగతికొస్తే అనుమానం ఉన్నది షిస్టోసోమా జపానికం మీద. దాన్ని ఆ సంస్థ 2బి గ్రూపులో, అంటే ‘కారణం కావచ్చు’ అనే కోవలో ఉంచింది. ఈ పురుగు పేగుల చుట్టూ ఉండే రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. అది పెట్టే గుడ్లలో కొన్ని బయటికి పోకుండా పేగు గోడలోనే ఇరుక్కుపోతాయి. వాటి చుట్టూ ఏళ్ళ తరబడి వాపు, పుండు, మానడం, మళ్ళీ వాపు. కణాలు అన్నిసార్లు దెబ్బతిని మళ్ళీ పుడుతుంటే ఎక్కడో తప్పు జరిగే అవకాశం పెరుగుతుందని శాస్త్రవేత్తల ఆలోచన. చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాలో కొన్ని చోట్ల ఇది ఉంది. నత్తలుండే నీళ్ళలో దిగినప్పుడు చర్మం గుండా లోపలికి వెళ్తుంది.

అది మన దగ్గర ఉందా?

లేదు. చేప తిన్నా కూడా ఈ భయం అక్కర్లేదు. షిస్టోసోమా తిండితో రాదు, లివర్ ఫ్లూక్‌లు వచ్చేది పచ్చి చేపతో. మన పులుసులో చేప బాగా ఉడికే ఉంటుంది.

అమీబా ఉందని రిపోర్టు వచ్చింది. అది క్యాన్సర్‌గా మారుతుందా?

మారదు. కానీ క్యాన్సర్‌లా కనిపించగలదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఎంటమీబా హిస్టోలిటికా పెద్దపేగు గోడను తొలిచి పుండ్లు చేస్తుంది. జిగట, రక్తంతో విరేచనాలు అందుకే. అరుదుగా, చాలాకాలం సరైన మందు పడనివాళ్ళలో, ఆ పుండు చుట్టూ కండ పెరిగి గడ్డలా తయారవుతుంది. దాన్ని అమీబోమా అంటారు. ఎక్కువగా కడుపులో కుడివైపు, పెద్దపేగు మొదలయ్యే చోట వస్తుంది. స్కాన్‌లో చూస్తే అచ్చం క్యాన్సర్ గడ్డే. కొలనోస్కోపీలో, అంటే కిందినుంచి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్షలో చూసినా అనుభవమున్న డాక్టర్లు కూడా తడబడతారు. ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. అమీబా మందులకు ఆ గడ్డ కరిగిపోవడం చూస్తే రోగికి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టే.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. క్యాన్సర్ ఉన్న మనిషి మోషన్‌లో అమీబా కూడా దొరకవచ్చు. అది దొరికిందని మిగతాది వెతకడం ఆపేస్తే మోసపోతాం. ఇంకో సంగతి: మామూలు మైక్రోస్కోపులో ఎంటమీబా హిస్టోలిటికా, హాని చేయని ఎంటమీబా డిస్పార్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనిపిస్తే గట్టిగా చెప్పగలం. లేకపోతే యాంటిజెన్ పరీక్షో పీసీఆరో కావాలి. కాబట్టి ‘సిస్టులు (గట్టి పొరలో ముడుచుకున్న అమీబాలు) ఉన్నాయి’ అన్న ఒక్క మాటతో రక్తం పడటానికి కారణం దొరికేసిందని అనుకోకండి.

అమీబా పుండ్లను అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో ఏళ్ళ తరబడి వాపు, పుండ్లు ఉండే జబ్బు) అని పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే పేగుకు చిల్లు పడేదాకా వెళ్ళవచ్చు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు అమీబా లేదని చూసుకోవడం అందుకే. అమీబాకు వాడే మెట్రోనిడజోల్ కోర్సు అయ్యాక పేగులో మిగిలిన సిస్టులకు డైలోక్సనైడ్ లాంటి మరో మందు కూడా రాస్తారు. తగ్గింది కదా అని ఆ రెండోది మానేసేవాళ్ళు చాలామంది. మానకండి.

క్రిప్టోస్పోరిడియం, బ్లాస్టోసిస్టిస్ క్యాన్సర్ తెస్తాయని వీడియోలో చూశాను. నిజమేనా?

ఇవి రెండూ పేగుల్లో ఉండే, కంటికి కనపడని ఏకకణ జీవులు. వీటి మీద పరిశోధనలు నిజంగా జరుగుతున్నాయి. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో శాస్త్రవేత్తలు రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు క్రిప్టోస్పోరిడియం పార్వమ్ ఎక్కించి చూస్తే పేగుల్లో క్యాన్సర్ గడ్డలు వచ్చాయి. పోలండ్, లెబనాన్ లాంటి చోట్ల పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఈ జీవి ఎక్కువగా కనిపించింది కూడా. బ్లాస్టోసిస్టిస్ గురించీ ఇలాంటి లెక్కలు వచ్చాయి.

కానీ రెండూ ఒక చోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. కుళ్ళిన పండు చుట్టూ ఈగలున్నాయని ఈగలే పండును కుళ్ళబెట్టాయని అంటామా? గడ్డ ఉన్న పేగు, కీమోతో తగ్గిన రోగనిరోధక శక్తి, ఇవే ఆ జీవులకు చోటిచ్చి ఉండొచ్చు. మనుషుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా తేలలేదు. బ్లాస్టోసిస్టిస్ అయితే ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతుల్లో కూడా బోలెడంతమందికి ఉంటుంది.

పురుగుల విషయంలో ఎలుకల ప్రయోగాలు మరీ చిత్రం. ఒక రకం పురుగు ఎక్కిస్తే గడ్డలు పెరిగాయి, ఇంకో రకం ఎక్కిస్తే తగ్గాయి. వీడియోలు చేసేవాళ్ళు ఇందులో తమకు కావలసిన సగాన్ని తీసుకుంటారు.

ఈ రంగంలో తొందరపడితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. డెన్మార్క్‌కు చెందిన యొహానెస్ ఫిబిగర్, ఎలుకల కడుపులో ఒక పురుగు వల్ల క్యాన్సర్ వస్తుందని చూపినందుకు 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నారు. తర్వాత పరీక్షిస్తే అవి అసలు క్యాన్సర్లే కావని, ఆ ఎలుకల తిండిలో విటమిన్ ఎ లోపమే పెద్ద కారణమని తేలింది. అంత పెద్ద బహుమతి ఇచ్చినవాళ్ళే పొరబడ్డారు. మనం వాట్సాప్‌లో వచ్చిందాన్ని నిదానంగా చూడటంలో తప్పులేదు.

మోషన్‌లో రక్తం పడుతోంది. మెడికల్ షాపులో పురుగుల మాత్ర ఇచ్చారు. సరిపోతుందా?

సరిపోదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

మన బస్తీల్లో ఈ మాట ఎంత మామూలుగా వినిపిస్తుందో అందరికీ తెలుసు: "ఏం గాదన్నా, కడుపుల పురుగులుంటయ్, గోలీ ఏస్కో." అది పనిచేయకపోతే "పైల్స్ అయ్యుంటది, మిర్చి తగ్గించు." ఆ తర్వాత ఎవరో చెప్పిన పసరు. ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతే పండగలు మారిపోతాయి. చివరికి మనిషి చిక్కి సగమయ్యాక పెద్దాసుపత్రికి వస్తాడు. అప్పటికి గడ్డ పేగును మూసేసి ఉంటుంది.

ఆల్బెండజోల్ మంచి మందు. పురుగులకు. రక్తం ఎందుకు పడుతోందన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. పైగా మాత్ర వేసుకున్న నాలుగు రోజులకు రక్తం ఆగితే నయమైందనుకుంటాం. క్యాన్సర్ గడ్డ నుంచి రక్తం రోజూ పడాలని లేదు, దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్యలో ఏ మాత్ర వేసుకుంటే ఆ మాత్రకు పేరొస్తుంది.

పైల్స్ అయినా సరే, డాక్టరు వేలితో పరీక్ష చేయకుండా పైల్స్ అని తేల్చకూడదు. మలాశయంలో కింద ఉన్న గడ్డలు చాలావరకు ఆ వేలికే తగులుతాయి. ఒక నిమిషం పట్టని పరీక్ష, ఖర్చు లేదు. సిగ్గుపడి వద్దనకండి. మన దేశంలో మలాశయ క్యాన్సర్ నలభై దాటనివాళ్ళకు కూడా వస్తోంది, కాబట్టి ‘చిన్న వయసే కదా’ అన్న ధీమా కూడా వద్దు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకండి: మోషన్‌లో రక్తం, మూడు నాలుగు వారాలుగా మోషన్‌కు వెళ్ళే అలవాటు మారిపోవడం, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, హిమోగ్లోబిన్ పడిపోవడం.

మా నాన్నగారికి రక్తం తక్కువగా ఉంది. మోషన్‌లో కొంకిపురుగు గుడ్లు కూడా దొరికాయి. ఇంకా కొలనోస్కోపీ అవసరమా?

చాలాసార్లు అవసరమే. కొంకిపురుగు నిజంగానే రక్తం తాగుతుంది. రకాన్ని బట్టి ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా రక్తం పోతుంది. వందల్లో ఉంటే మనిషి పాలిపోతాడు. కానీ పేగు కుడివైపు వచ్చే క్యాన్సర్ కూడా ఇదే పని చేస్తుంది. నొప్పి ఉండదు, కంటికి రక్తం కనిపించదు, కొంచెం కొంచెంగా కారి ఐరన్ ఖాళీ అవుతుంది. ఆయాసం వస్తే వయసు మీదపడిందనుకుంటారు.

స్లైడు మీద నాకు కనిపించేది ఇంతే: పల్చని పెంకు, కోడిగుడ్డు ఆకారం, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాలు, పెంకుకూ కణాలకూ మధ్య ఖాళీ. కొంకిపురుగు ఉందని రాస్తాను. స్లైడంతా వెతికితే రెండే రెండు గుడ్లు దొరికిన మనిషికి హిమోగ్లోబిన్ 7 ఉందంటే, ఆ రెండు గుడ్లు ఆ ఏడుకు లెక్క చెప్పలేవు. రిపోర్టులో అలా రాసే గడి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద వయసు మగవాళ్ళకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు ఐరన్ లోపంతో రక్తహీనత వస్తే పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ చేయించి చూడాలన్నది వైద్యంలో స్థిరపడిన పద్ధతి. పురుగుల మందు, ఐరన్ మాత్రలు వాడుతూనే ఆ పరీక్షలకు తేదీ తీసుకోండి. ఒకటి అయ్యాక ఒకటి అనుకోవద్దు.

మోషన్ టెస్ట్ నార్మల్ వచ్చింది. క్యాన్సర్ లేనట్టేనా?

కాదు. మేం మైక్రోస్కోపు కింద వెతికేది గుడ్లను, సిస్టులను, చీముకణాలను. క్యాన్సర్ అందులో కనిపించదు. కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష వేరే ఉంది, దాన్ని ఫిట్ అంటారు. అదీ లక్షణాలు లేనివాళ్ళను వడగట్టడానికే ఎక్కువగా పనికొస్తుంది. కళ్ళెదురుగా రక్తం పడుతుంటే ఫిట్ దగ్గర ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తంలో సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్‌లో పెరిగే ఒక పదార్థం) చూసి నార్మల్ అని నిశ్చింతగా ఉండటమూ సరికాదు, తొలిదశ క్యాన్సర్‌లో అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

పురుగుల కోసమైనా ఒక్క శాంపిల్ చాలదు. వేరే వేరే రోజుల్లో మూడు ఇస్తే మంచిది. శాంపిల్‌లో మూత్రం, నీళ్ళు కలవకూడదు. అమీబా అనుమానమైతే అరగంటలో ల్యాబ్‌కు చేరాలి. ఆలస్యమైతే అమీబా కదలిక ఆగిపోయి మాకు దొరకదు.

కొలనోస్కోపీ అంటే భయంగా ఉంది.

కష్టమంతా ముందురోజే. పేగు శుభ్రం కావడానికి పీఈజీ పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగాలి. ఉప్పగా, వెగటుగా ఉంటుంది, చల్లగా తాగితే దిగుతుంది. బాత్రూం దగ్గరే ఉండాలి. మర్నాడు మత్తు ఇస్తే మీకు దాదాపు ఏమీ తెలియదు. దాని గొప్పతనమేమిటంటే, చూడటంతో ఆగదు. పాలిప్ అనే చిన్న బుడిపె కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తారు. అలాంటి బుడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. అంటే రాబోయే క్యాన్సర్‌ను రాకముందే తీసేయగల పరీక్ష ఇది.

ఆరు నెలలకోసారి పురుగుల మాత్ర వేసుకుంటే క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

ఉండదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం, అంటే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్, 1 నుంచి 19 ఏళ్ళ పిల్లల రక్తహీనత, ఎదుగుదల కోసం. మీ పిల్లలకు తప్పకుండా వేయించండి. దానికీ క్యాన్సర్‌కూ సంబంధం లేదు.

ఫెన్‌బెండజోల్, ఐవర్‌మెక్టిన్‌తో క్యాన్సర్ తగ్గిందని మెసేజ్ వచ్చింది...

ఫెన్‌బెండజోల్ పశువులకు, గొర్రెలకు ఇచ్చే నట్టల మందు. మనుషులకు వాడటానికి అనుమతి లేదు. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఈ కోవ మందులు కొంత పనిచేసిన మాట నిజం. గాజు పళ్ళెంలో పనిచేసి మనిషిలో పనిచేయనివి లెక్కలేనన్ని ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌ను ఇవి నయం చేస్తాయని మనుషుల మీద రుజువు లేదు. ఫెన్‌బెండజోల్ సొంతంగా వేసుకుని లివర్ పాడుచేసుకున్న కేసులు మాత్రం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. లివర్ పాడైతే అసలు కీమోనే ఆపాల్సి వస్తుంది. ఇప్పటికే వేసుకుంటుంటే దాచకుండా మీ ఆంకాలజిస్టుకు చెప్పండి. తిడతారని భయపడి దాచేవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు.

కీమో మొదలయ్యే ముందు పురుగుల పరీక్ష చేయించాలా?

అడిగి చేయించుకోవడం మంచిది. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు ఏళ్ళ తరబడి లోపల చప్పుడు లేకుండా ఉండగలదు. కీమో, ముఖ్యంగా స్టెరాయిడ్లు పడ్డాక రోగనిరోధక శక్తి తగ్గగానే విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులకూ పాకుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకు ఇది పోదు, దీనికి వాడేది ఐవర్‌మెక్టిన్. పొలంలో చెప్పుల్లేకుండా పనిచేసిన అలవాటుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

పక్కవాళ్ళ నుంచి క్యాన్సర్ అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తినండి.

హైదరాబాద్‌లో పురుగులు, అమీబా రాకుండా ఏం చేయాలి?

నీళ్ళు, ఆకుకూరలు, చేతులు. పాత బస్తీల్లో మంచినీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే ఉంటాయి. వానాకాలంలో నీళ్ళు రంగు మారినా, వాసన వచ్చినా కాచి తాగాలి. క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు చావదు, మరగబెడితే చస్తుంది. సంపు, పైట్యాంకు కడిగించడం మర్చిపోకండి.

మూసీ వెంట మురుగునీటితో సాగుచేసే కుటుంబాల మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనం, శుద్ధి చేయని నీళ్ళలో పనిచేసేవాళ్ళలో పేగు పురుగులు ఎక్కువని చూపింది. ఆ రైతులకు బూట్లు, ఏటా మందు అందాలి, వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మనం పాలకూర, కొత్తిమీర కొన్నాక రెండు మూడు నీళ్ళలో కడగాలి. ఉడికిస్తే ఇంకా నయం. కల్లు తాగే అలవాటున్నవాళ్ళలో అమీబా వల్ల లివర్‌లో చీముగడ్డ ఎక్కువని దక్షిణాది డాక్టర్లు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. జ్వరం, కుడి డొక్కలో నొప్పి వస్తే అశ్రద్ధ చేయొద్దు.

అసలు పెద్దపేగు క్యాన్సర్ దేనివల్ల వస్తుంది?

వయసు, కుటుంబ చరిత్ర, పొగ, మద్యం, ఊబకాయం, కదలని జీవితం, సాసేజ్‌ల లాంటి ప్రాసెస్ చేసిన మాంసం, ఏళ్ళ తరబడి అల్సరేటివ్ కొలైటిస్. ఇంట్లో అమ్మానాన్నలకో, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళకో ఉంటే మీరు మిగతావాళ్ళకంటే ముందుగా పరీక్షలు మొదలుపెట్టాలి. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి. పెద్దపేగు సంగతి మనమే అడగాలి.

డబ్బు లేదు. హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

దగ్గరలోని బస్తీ దవాఖానాలో రక్తపరీక్షకు ఇవ్వండి, డబ్బు తీసుకోరు. హిమోగ్లోబిన్ తక్కువుంటే, రక్తం పడుతుంటే, ఉస్మానియా లేదా గాంధీ ఆసుపత్రిలో గ్యాస్ట్రోఎంటరాలజీ ఓపీకి వెళ్ళండి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. పురుగుల మాత్రలు, ఐరన్, యాంటీబయాటిక్స్ ఎప్పుడెప్పుడు వాడారో ఒక కాగితం మీద రాయండి. ముక్క పరీక్ష ప్రైవేటులో అయి ఉంటే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్లైడ్లు, మైనపు బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) కూడా అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రిలో వాటిని మళ్ళీ చూస్తారు, అవి లేకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. ఎండాకాలం ఆ బ్లాకులను బండి డిక్కీలో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. చేతిసంచిలో పట్టుకెళ్ళండి.